తొలి ముక్క ఎవరిది?

పర్వదినమున పిండివంట పొయ్యిమీద నుండగా, బడినుండి వచ్చిన పిల్లవాడు వంటయింటి గడపపై నిలిచి చేయి చాచినచో, "ఇంకా నైవేద్యం కాలేదు, ముట్టుకోకు" అని వారింపని తెలుగు గృహిణి పూర్వము అరుదు. నేటికిని అనేక గృహములలో ఆ మాట వినవచ్చుచునే యున్నది. పిల్లవాడు ఊరకుండునా? "దేవుడు తినడు కదా నాయనమ్మా, పెట్టింది పెట్టినట్టే ఉంటుంది కదా, మరి నేను ముందు తింటే ఏం?" అని యడుగును. పెద్దలు సాధారణముగా ఈ ప్రశ్నను కసరియో, నవ్వియో త్రోసిపుచ్చుచుందురు. అది త్రోసిపుచ్చదగినది కాదని నా విశ్వాసము. దేవుడు భుజించునా, భుజింపనిచో నివేదన మెందులకు, ఆకలిగొన్న బిడ్డ ఎదుట నిలిచియుండగా తొలి ముక్క ఎవరికి చెందవలెను అను మూడు సందేహములు అందు పెనవేసికొని యున్నవి. మన పూర్వులలో మహామేధావులు వీనిని గూర్చి కూలంకషముగ చర్చించిరి.

నేడు వంటయింటి రూపము కొంత మారినది. పట్టణములలోని అనేక గృహములలో విద్యుత్తుతో పనిచేయు ఓవెను వచ్చి చేరినది. ఆదివారము మధ్యాహ్నమున తల్లియు బిడ్డలును కూడి కేకులు, బిస్కత్తులు కాల్చుకొనుట ముచ్చటైన వాడుక యైనది. నూనెలో వేచుటయు ఆవిరిపై ఉడికించుటయు మాత్రమే మన పద్ధతులని, కాల్చుట పరదేశపు విద్య యని తలచువారు గోదావరి సీమలోని దిబ్బరొట్టెను మరచినవారు. మినపపిండియు బియ్యపురవ్వయు కలిపిన పిండిని మందమైన గిన్నెలో పోసి, మూతపై నిప్పులుంచి, క్రిందను మీదను సన్నని సెగ తగులునట్లు ఓపికతో కాల్చిన ఆ రొట్టె, పైన ఎఱ్ఱగా పెళుసుగాను లోన మెత్తగాను దిగివచ్చును; దానిని చెరకు పానకముతో తినుట ఎఱిగినవారికి ఓవెను ఒక క్రొత్త పొయ్యి మాత్రమే. అయితే ఒక భేదము మాత్రము గణింపదగినది. నాయనమ్మ దిబ్బరొట్టె కాల్చునపుడు పిల్లవాడు ప్రేక్షకుడు. కేకు చేయునపుడు అతడు కర్త. మైదాపిండి జల్లించినది అతడు, చక్కెర కొలిచినది అతని చెల్లెలు, వెన్నను చేయి నొప్పిపుట్టునంతవఱకు గిలకొట్టినవారు ఇరువురును. పిండిని పళ్ళెములో పోసి 180 డిగ్రీల వేడిలో నుంచిన పిమ్మట అరగంటకు పైగా నిరీక్షింపవలెను. ఆ వాసన ఇల్లంతయు నిండును. గాజుతలుపు వద్దనుండి పిల్లలు కదలరు. అట్టి సమయమున "దేవునికి ముందు" అన్నచో, పూర్వపు పిల్లవాడు రుచిని మాత్రము వాయిదా వేసికొనెను. నేటి పిల్లవాడు తన శ్రమఫలమును, తన హక్కును వాయిదా వేసికొనవలసి వచ్చుచున్నది. కావున ప్రశ్న మఱింత పదునెక్కినది.

మొదటి సందేహము విషయమున, యజ్ఞకర్మను విచారించు మీమాంసకులు మిక్కిలి నిర్భయులు. జైమిని సూత్రములలో తొమ్మిదవ అధ్యాయపు మొదటి పాదమునందు దేవతను గూర్చిన ప్రసిద్ధమైన విచార మొకటి యున్నది. దానిని వ్యాఖ్యానించుచు శబరస్వామి, దేవతకు శరీరము లేదనియు, హవిస్సును భుజించుట లేదనియు సిద్ధాంతము చేసెను. పూర్వపక్షి ఊరకుండలేదు: తేనెటీగ పువ్వునుండి మధువును గ్రహించునట్లు దేవత అన్నమునందలి రసమును మాత్రమే గ్రహించుననియు, సమర్పించిన హవిస్సు రుచి తప్పుటయే అందులకు నిదర్శనమనియు వాదించెను. అందులకు శబరుడు, రుచి తప్పుట గాలి సోకుటవలనను చల్లారుటవలనను కలుగుచున్నదని బదులు చెప్పెను. వేడివేడి బూరె చల్లారిపోవుచున్నదని దిగులుపడు పిల్లవాని పక్షమున ఒక మహాశాస్త్రకారుడు నిలిచియున్నాడన్నమాట! కాని ఆ శాస్త్రకారుడే యాగమును విడువలేదు. ద్రవ్యమును దేవత నుద్దేశించి త్యజించుటయే యాగమని, "ఇది నాది కాదు" అని పలికి చేయి వెనుకకు తీసికొనుటయందే కర్మ పూర్తియగునని అతని సంప్రదాయము బోధించినది. పుచ్చుకొనువాని నోటితో దానికి నిమిత్తము లేదు. ఇచ్చువాని పిడికిలి విడుటయే ముఖ్యము.

భక్తు లీ సమాధానమునకు తృప్తిపడరు. గీతలో తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు, భక్తితో నొసగిన ఆకునైనను పువ్వునైనను పండునైనను నీటినైనను తాను ఆరగింతునని స్పష్టముగా చెప్పియున్నాడు. ఛాందోగ్యోపనిషత్తు మూడవ అధ్యాయములో మధ్యేమార్గము కనబడును: దేవతలు తినరు, త్రాగరు, అమృతమును చూచియే తృప్తినొందుదురని అందున్నది. వీనిలో ఏది పరమసత్యమో నిర్ణయించుటకు నేను పూనుకొనను. మూడు పక్షములందును నివేదించిన పదార్థము తిరిగి ఇంటివారి చేతికే వచ్చుచున్నది. నడుమ కొన్ని క్షణములపాటు అది ఎవరిదియు కాక నిలిచినది. ఆ కొన్ని క్షణములు పిల్లల మనస్సునకు ఎంతటి సంస్కారము నొసగునో ఆలోచించినపుడు, నివేదన మొక నిరర్థకమైన తంతు అనువారితో నేను ఏకీభవింపజాలను.

ఇక కఠినమైనది మూడవ సందేహము. దీనిపై నాకు దారి చూపినది ఛాందోగ్యమందలి నాలుగవ అధ్యాయములోని కథ. శౌనకుడగు కాపేయుడును, కాక్షసేని యగు అభిప్రతారియు భోజనమునకు కూర్చుండగా, వడ్డన జరుగుచున్న సమయమున ఒక బ్రహ్మచారి వచ్చి భిక్ష యాచించెను. బ్రహ్మచారి యనగా గురుకులమున చదువుకొనుచున్న విద్యార్థి. నేటి మాటలో బడిపిల్లవాడు. వారిరువురును జ్ఞానులు, వాయువును ప్రాణమును సర్వమును తమలో లయింపజేసికొను తత్త్వములుగా ఉపాసించువారు. అయినను వారు అతనికి భిక్ష పెట్టలేదు. అపుడా పిల్లవాడు కోపింపలేదు, ఏడువలేదు. నలుగురు మహాత్ములను మ్రింగిన దేవుడొక్కడు కలడనియు, అతడు బహురూపముల వసించుచున్నను మనుష్యులు అతనిని కానలేకున్నారనియు చెప్పి, ఈ అన్నము ఎవనికై యున్నదో అతనికే ఇది ఈయబడలేదని ముగించెను. ఉపాసనలో ప్రతిదినము ప్రాణదేవతను స్మరించువారు, ఆ ప్రాణమే ఆకలి రూపమున గుమ్మమున నిలిచినపుడు గుర్తింపలేకపోయిరి. శౌనకుడు ఆ మాటను మననము చేసికొని, ఆ దేవుని స్వరూపమును తానెఱిగినట్లు బదులు చెప్పి, పిమ్మట అతనికి భిక్ష పెట్టుడని ఆజ్ఞాపించెను. శౌనకుడు బదులు చెప్పగలిగెను. కాని బదులు చెప్పుటతో అన్నము పెట్టిన ట్లగునా? వడ్డన కాగలవఱకు ఆ పిల్లవాని కడుపు ఖాళీగనే యున్నది. ఈ కథను చదివిన పిమ్మట, నైవేద్యము ముగియువఱకు ఆకలిగొన్న బిడ్డను నిలువబెట్టుట దేవుని గౌరవించుట యని నేననుకొనలేను.

భాగవతమున దశమస్కంధమందలి యజ్ఞపత్నుల వృత్తాంతమును ఈ మాటనే వేఱువిధముగ చెప్పుచున్నది. ఆకలిగొన్న గోపబాలకులను కృష్ణుడు యజ్ఞశాలకు పంపగా, కర్మయందు నిమగ్నులైన బ్రాహ్మణులు ఔననియు కాదనియు అనక మౌనము వహించిరి. వారి భార్యలు మాత్రము వండిన పదార్థములన్నింటిని ఎత్తికొని పిల్లలున్న చోటికే పరుగెత్తిరి.

మన దేశములో, మన కాలమునకు సమీపమున, ఈ వివేకమును ఆచరణలో చూపిన మహనీయురాలు డొక్కా సీతమ్మగారు. 1841లో మండపేటలో జన్మించి, లంకలగన్నవరమున మెట్టి, 1909లో పరమపదించువఱకు ఆమె వేళ కాని వేళ వచ్చిన వారికిని అన్నము లేదనలేదు. ఆమెను గూర్చి గోదావరి లంకలలో చెప్పుకొను వృత్తాంత మొకటి కలదు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శింపవలెనని చిరకాలముగ కోరుకొన్న ఆమె ఒకనాడు ఎట్టకేలకు బయలుదేరెనట. త్రోవలో ఒక పెండ్లివారి గుంపు, ఆకలికి తాళలేని పిల్లలను "సీతమ్మగారి ఇంటికి చేరితే అన్నం దొరుకుతుంది" అని ఊరడించుచు పోవుట ఆమె చెవిని బడెనట. ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించెను. స్వామి దర్శన మంతటితో ఆగినది; పిల్లల కాకలి తీరినది. ఆమె అన్నదానమును గూర్చి ఎన్ని చెప్పుకొన్నను, నాకు మాత్రము ఆ వెనుకకు తిరిగిన పల్లకియే గొప్ప శాస్త్రనిర్ణయముగ తోచును. దేవుని వద్దకు పోవు మార్గమును విడిచితి నని ఆమె దుఃఖింపలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడులలోని మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టుట చూచి సంతోషించినవారిలో నేనొకడను. బడిపిల్లల పళ్ళెముపై ఉండదగిన పే రది.

ఇది మన సంప్రదాయమునకే పరిమితమైన సమస్య యనుకొనరాదు. రొట్టె కాల్చుటయే నిత్యజీవనమైన యూదుల గృహములలో, పిసికిన పిండినుండి కొంత భాగమును దేవునికై వేఱుపఱచుట బైబిలులోని సంఖ్యాకాండము పదునైదవ అధ్యాయమున విధింపబడిన ధర్మము. యెరూషలేము దేవాలయము 70వ సంవత్సరమున నాశనమైన పిమ్మట ఆ ముద్దను గ్రహించు వ్యవస్థ లేకపోయినను, విశ్రాంతిదినమునకై జడలుగ అల్లిన రొట్టెలను కాల్చు గృహిణులు నేటికిని చిటికెడు పిండిని తీసి నిప్పునకు సమర్పించుచున్నారు. పిల్లలు ప్రక్కన నిలిచి జడలల్లుట నేర్చుకొనుచున్నారు. అదే సంప్రదాయమున, దేవుని సన్నిధిలో పన్నెండు రొట్టెలుంచు ఆచారముండెను. యాజకులు తప్ప ఇతరులు వానిని తినరాదు. అయినను దావీదు ఆకలితో వచ్చినపుడు యాజకుడు ఆ సముఖపు రొట్టెలను అతనికి ఇచ్చెను. విశ్రాంతిదినమున ఆకలిగొని వెన్నులు త్రుంచి తిన్న శిష్యుల పక్షమున యేసు ఈ సంగతినే జ్ఞప్తి చేసెను. తొలి ముద్దను వేఱుపఱచు నియమమును, ఆకలి యెదుట నియమము సడలుటయును ఒకే గ్రంథమున, ఒకే జాతి జీవితమున, ఒకదానినొకటి త్రోసిపుచ్చక నిలిచినవి.

కేకు వంటి పరదేశపు వంటకము నివేదనకు తగునా అని కొందఱు పెద్దలు సంశయింతురు. రామాయణమున అయోధ్యాకాండలో మందాకినీ తీరమున శ్రీరాముడు తండ్రికి పిండ మర్పించిన ఘట్టమును వారు స్మరించుట మంచిది. అయోధ్యాధిపతికి అతడు పెట్టినది గారపండ్ల పిండియు రేగుపండ్లును కలిపిన ముద్ద. తాము ఆనాడు తినుచున్న ఆహార మదియే గనుక, మనుష్యుడు దేనిని తినునో అతని దేవతలకును అదియే ఆహారమని చెప్పి అర్పించెను. గుడ్డు వేసిన కేకును ఆగమనియమములకు లోబడిన పూజలో నుంచుమని నేననను; ఇంటి ఆచారమును పిల్లల ముచ్చటకై త్రోసివేయు మనియు ననను. ఆ నియమము గల గృహములు గుడ్డు లేకయే మజ్జిగతో చక్కగ కాల్చుకొనుచున్నవి. గరిటెకంటిన పిండిని పిల్లవాడు నాకినాడు గనుక అంతయు ఎంగిలియైనదని బాధపడు తల్లులకు శ్రీకాళహస్తి తిన్నడు గుర్తునకు రావలెను; తాను రుచి చూచి మంచి ముక్కల నేరి తెచ్చిన ఆ వేటగానిని శివుడు తన కన్నప్పగ చేసికొనెను.

నా అభిప్రాయమును స్పష్టముగ చెప్పెదను. నాలుగుగంటలకు బడినుండి అలసి వచ్చిన బిడ్డకు, పూజ ముగిసినను ముగియకున్నను, ముందుగ ఏదేని పెట్టవలెను. ఇంట పండో పాలో ఉండును. యాజ్ఞవల్క్యుడు తన స్మృతిలో గృహస్థధర్మమును చెప్పుచు, బాలురను, సువాసినులను, వృద్ధులను, గర్భిణులను, రోగులను, కన్యలను, అతిథులను, భృత్యులను భుజింపజేసిన తరువాత మిగిలినదే దంపతుల భోజనమనెను. ఇది దేవపూజకు ముందో వెనుకో ఆ మాటలో అతడు చెప్పలేదని నేనెఱుగుదును. కాని పట్టికలో మొదట నిలిచినది బాలుడు. ఆకలి తీరిన పిమ్మట, కోరిక మాత్రము మిగిలియున్న బిడ్డచేతనే ఓవెనునుండి దిగిన కేకును కోయించి, తొలి ముక్కను అతనిచేతనే దేవుని యెదుట పెట్టింపవలెను. మనము పెట్టి అతనిని చూడుమనుట చాలదు. ఆ ముక్క ప్రసాదమై తిరిగి వచ్చినపుడు దానిని ఎవరికి ఈయవలెనో నిర్ణయించు అధికారమును అతనికే ఒసగవలెను. ప్రక్కయింటి స్నేహితునికో, అంట్లు తోమ వచ్చిన అమ్మ వెంట వచ్చిన పిల్లకో ఇచ్చినచో మిక్కిలి మేలు. ఒకనాడు "ఇవ్వను" అని మొండికేసినచో బలవంతము చేయరాదు. బలవంతముగ విప్పిన పిడికిలి త్యాగము కాదని శబరుని శిష్యులైనను ఒప్పుకొందురు. మఱునాడు మరల కాల్చుకొనవచ్చును.

యాజ్ఞవల్క్యుని మాటలో మఱియొక అంశమును మనము సౌకర్యముగ మరచితిమి. చివర తినవలసినవారు దంపతు లిరువురునని అతడనగా, మన గృహములలో చివరకు మిగులుచున్నది తల్లి యొక్కతెయే. వ్రతము పేరిట ఉదయమునుండి ఉపవసించి, పిల్లలకు కాల్చి, వచ్చినవారికి పంచి, పళ్ళెము అడుగున అంటుకొనిన పొడిని తాను తినుచున్నది. భర్త మాత్రము తొలి వేడిముక్కకు అర్హుడనని కుర్చీలో కూర్చుండియున్నాడు. స్మృతిని గౌరవించు గృహస్థు ఆమెతోపాటు వేచియుండవలెను; పిల్లలు తినుచుండగ పళ్ళెములు తీసి కడుగవలెను; మిగిలిన ముక్కను ఆమె ముందుంచి తానును పంచుకొని తినవలెను. తొలి ముక్కను గూర్చి పిల్లలకు ఎంత బోధించినను, చివరి ముక్క ఎవరికి చేరుచున్నదో వారు ప్రతిదినము చూచుచునే యున్నారు.