పత్తి పుట్టిల్లు

మన రాయచూరు నల్లరేగడి రైతు నాటు పత్తినీ అమెరికన్ పత్తినీ వేరుచేసి చెబుతాడు. ఆ అమెరికన్ పత్తి పుట్టుక వింతైనది. పది ఇరవై లక్షల ఏళ్ల కిందట, మన నాటు పత్తికి దగ్గరి బంధువైన మొక్కా, పెరూ దేశపు అడవి పత్తికి దగ్గరిదైన మొక్కా కలిసి దాన్ని పుట్టించాయి. 1989లో వెండెల్ అనే శాస్త్రజ్ఞుడు హరితరేణువుల డీఎన్ఏను పోల్చి చూశాడు. పత్తిలో అవి తల్లి వైపు నుంచే వస్తాయి. తల్లి నాటు పత్తి వంశానిదేనని తేలింది. తర్వాత అక్షరం అక్షరం చదివిన డీఎన్ఏ వరుసలూ అదే చెప్పాయి.

అంటే అది మన ఆడపడుచు బిడ్డే! వినడానికి బాగానే ఉంది. కానీ ఈ చుట్టరికం తేలకపోతే దాన్ని పరాయిదిగానే చూడాలా? 1956లో ఈ జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినప్పటినుంచి ఇక్కడి తెలుగువాళ్లమూ పాత మూలాలు చూపించే ‘ఇక్కడివాళ్లం’ అనిపించుకోవాలని తాపత్రయపడుతున్నాం. ఆ తాపత్రయం నాకు నచ్చదు.

బ్యాంకులో వారసత్వ ధ్రువపత్రం చూపితే డిపాజిట్ సొమ్ము చేతికొస్తుంది. పోయినావిడకు చివరి రోజుల్లో గంజి పోసిన పొరుగింటామె పేరు అందులో ఉండదు. పత్రం అబద్ధం కాదు, అది జవాబు చెప్పే ప్రశ్న వేరు. డీఎన్ఏ కూడా అంతే. నాటు పత్తి ఎద్దడికి ఓర్చుకుంటుంది. అమెరికన్ దానికి తడీ మందూ ఎక్కువ కావాలి. విత్తనం కొనేముందు రైతు చూసుకునేది ఇదీ, చేతిలో ఉన్న డబ్బూను.