జడను చూచు కన్నులు, హృదయమును చూచు దేవుడు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 16:1–13, లూకా 7:36–50



ఈ మాసము మీ యెదుట నేనుంచు సంగతి చిన్నదిగా కనబడును. టెలివిజన్‌లో ప్రతి రాత్రి వచ్చు ఒక ధారావాహికలో కథానాయిక తన పొడుగాటి జడను కత్తిరించుకొని, చీర మాని, క్రొత్త తీరు దుస్తులు ధరించెను. అంతే. అయితే ఆ చిన్న సంగతి మా సంఘములో రెండు పక్షములను పుట్టించెను. చివరకు ఒక సహోదరిని దేవుని మందిరమునకు దూరము చేసెను. ఆ తప్పులో సంఘ కాపరినైన నాకును భాగము కలదు. గనుక ఇతరులను గద్దించుటకు గాక, మొదట నన్ను నేను సరిచేసికొనుటకే దీనిని వ్రాయుచున్నాను.

బుధవారపు గృహ ప్రార్థన మాకు రాత్రి ఏడున్నరకు జరుగుచుండెడిది. ఆ వేళకే ధారావాహిక వచ్చుచున్నదని సంఘ పెద్ద యొకరు మొగమాటముతో చెప్పగా, నేను ఎనిమిది గంటలకు మార్చితిని. ఒక బుధవారము ఆయన ఇంటి అరుగు మీద చాపలు పరచుచుండగా స్త్రీల మధ్య వాదము బయలుదేరెను.

“ఆ పొట్టి జుట్టు దానికి నప్పలేదమ్మా. జడ ఉన్నప్పుడు ఎంత లక్షణంగా ఉండేది!” అని ఒకామె.

“ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసే పిల్ల, మనలాగ జడ వేసుకుని కూర్చుంటుందా పిన్నీ?” అని చదువుకున్న ఒక కోడలు.

“మీకు తెలీదు. మంచిది చెడిపోయేటప్పుడు ముందు చీరే మారుస్తుంది. చూస్తూ ఉండండి” అని మూడవ ఆమె తీర్పు చెప్పెను.

మంచము మీద కూర్చున్న పురుషులును నోరు విప్పిరి. నేను నవ్వి ఊరకుంటిని. ఏలయనగా, మా ఇంటిలో అమ్మగారు ఆ కథ చూచుచుండగా, వెనుక కుర్చీలో వార్తాపత్రిక అడ్డము పెట్టుకొని నేనును చూచినవాడనే.

కథ వినుట పాపమని నేను చెప్పను. మన ప్రభువు కథలతోనే బోధించెను. నాతాను ప్రవక్త గొఱ్ఱెపిల్ల కథ చెప్పియే దావీదు రాజు కన్నులు తెరచెను. అయితే దావీదు ఆ కథలోని ధనవంతుని మీద మండిపడెనే గాని, ఆ ధనవంతుడు తానేయని ఎరుగకపోయెను. కథలోని వారికి న్యాయము తీర్చుట సులభము. ఆ న్యాయము మన గుమ్మమునొద్దకు వచ్చినప్పుడే మన కన్నులు మూసికొనిపోవును.

ఈ ధారావాహికలను గూర్చి ఒక మాట చెప్పనిండు. 1999లో దక్షిణ అమెరికా ఖండమందలి కొలంబియా దేశములో ‘యో సోయ్ బెట్టీ, లా ఫెయా’ అను ధారావాహిక ఆరంభమై 2001 వరకు సాగెను. ‘నేను బెట్టీని, అందవికారిని’ అని ఆ పేరునకు భావము. బెట్టీ బాగుగా చదువుకొని లెక్కలయందు మిక్కిలి నేర్పు గల యువతి. పెద్ద కళ్లద్దములు, పండ్లకు తీగెలు, ఎవరికిని నచ్చని దుస్తులు. ఆమెకు పని దొరికినదో, సొగసైన దుస్తులమ్ము కంపెనీలో. ఆమె బుద్ధిని వాడుకొనినవారే ఆమె రూపమును ఎగతాళి చేసిరి. ఆ కథనే మన దేశములో సోనీ టెలివిజన్ వారు 2003 నుండి 2006 వరకు ‘జస్సీ జైసీ కోయీ నహీ’ అను పేర హిందీలో ప్రసారము చేసిరి. జస్సీగా నటించిన మోనా సింగ్ అసలు ముఖమెట్టిదో చాల కాలము ప్రజలకు తెలియనీయక దాచియుంచిరి. రెండు దేశముల కథలలోను కొంత కాలమునకు ఆ యువతి జుట్టు మారెను, బట్టలు మారెను. చూచువారికి అది గొప్ప ముచ్చటాయెను.

ప్రియులారా, ఇందులో మనము గమనింపవలసినది ఒకటి కలదు. మొదటి కురూపము వేషమే. తరువాతి సొగసును వేషమే. ఆ తీగెలు తగిలించినవారే వాటిని తీసిరి. మారినది రంగును, దువ్వెనయు, కత్తెరయు మాత్రమే. అయితే జనులు ఆ వేషమును చూచి జాలిపడిరి, ఆ వేషమును చూచి సంతోషించిరి. మనుష్యుని కన్ను ఎంత త్వరగా మోసపోవునో చూచితిరా?

మన తెలుగువారి సంగతి చూతము. 2017లో ఆరంభమై 2023 వరకు స్టార్ మాలో వచ్చిన ‘కార్తీక దీపం’ ఎరుగని ఊరు మనలో అరుదు. నలుపు రంగు కారణముగా అత్తచేత తృణీకరింపబడిన దీప నిమిత్తము, ‘వంటలక్క’ నిమిత్తము, మన ఇండ్లలో ఎంత కన్నీరు కారినదో మీకు తెలియును. ఆ పాత్ర ధరించిన ప్రేమీ విశ్వనాథ్ కేరళ దేశస్థురాలు. ఆమె సహజముగా అంత నలుపు కాదు. ముఖమునకు రంగు పూసి ఆమెను నల్లగా చూపించిరి. పూసిన నలుపును చూచి మనము ఏడ్చితిమి. మంచిదే. అయితే అదే అరుగు మీద, అదే కొంగుతో కన్నీరు తుడుచుకొని, మరునాడు పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు “పిల్ల మంచిదే గాని రంగు తక్కువ” అని చెప్పినది ఎవరు? మనము కాదా? పూసిన నలుపునకు జాలి చూపి, దేవుడిచ్చిన నలుపునకు కట్నము పెంచిన కన్నులు మనవి కావా?

ఇప్పుడు నా తప్పు చెప్పెదను.

ఆ బుధవారము గడచిన తరువాతి ఆదివారమున, కువైటులో నాలుగు సంవత్సరములు ఇంటి పని చేసి వచ్చిన ఒక సహోదరి ఆరాధనకు వచ్చెను. ఆమె జుట్టు మెడ దాటలేదు. చీరకు బదులు పొడుగాటి గౌను, దానిమీద ఓణీ. ఆమె వెనుక వరుసలో చాప చివర కూర్చుండెను. అనేకుల తలలు వెనుకకు తిరిగెను. “సీరియల్‌లో అమ్మాయి మన గుడికే వచ్చింది” అని ఎవరో గుసగుసలాడగా చిన్న నవ్వులు వినబడెను. ఆ దినమున నేను లోకాలంకారమును గూర్చి ప్రసంగము సిద్ధపరచుకొని యుంటిని. ఆమెను చూడగానే, నా కాగితములో లేని వాక్యమొకటి నా నోట వచ్చెను: “ఈ మధ్య మన సంఘములోనికి సహా టెలివిజన్ వేషములు ప్రవేశించుచున్నవి.” కొందరు తలలూపిరి. నేను సత్యము పలికితినని తలంచుకొని ఇంటికి పోయి భోజనము చేసితిని.

మూడు ఆదివారములు ఆమె రాలేదు. నాలుగవ వారము మా ఇంటి అమ్మగారు, “మీరు వెళ్లి ఆ పిల్లను ఒకసారి చూచి రండి” అని చెప్పెను. ఆ మాట తీరును బట్టి, నేను చేసినదేమో నాకు తెలిసెను.

నేను వెళ్లునప్పటికి ఆమె వాకిట చేటతో బియ్యము చెరుగుచుండెను. “రండి అయ్యగారూ” అని లేచి కుర్చీ వేసెను. “గుడికి ఎందుకు రావడం లేదమ్మా?” అని అడిగితిని. ఆమె మరల చేట అందుకొని చెప్పెను:

“నా జడ నేను కత్తిరించుకోలేదయ్యగారూ. వంటలో వెంట్రుక పడుతుందని ఆ ఇంటావిడ మొదటి వారమే కత్తిరించింది. మళ్లీ పెరిగితే మళ్లీ కత్తిరించింది. చీరలంటారా, వెళ్లేటప్పుడు అక్క కూతుళ్లకు పంచేశాను. ఉన్నవి వాళ్లిచ్చిన ఈ గౌనులే. డబ్బంతా ఇంటి అప్పుకు పోయింది. అక్కడ నాలుగేళ్లు ఆదివారమన్నది లేదు. స్నానాలగదిలో నీళ్లు వదిలి, ఆ చప్పుడులో మన పాటలు పాడుకునేదాన్ని, ఎవరికీ వినబడకుండా. ఇంటికి వచ్చాక మొదటి ఆదివారం కోసం ఎంత ఎదురు చూశానో ఆ దేవుడికే తెలుసు. మీరందరూ నా జుట్టు చూశారు.”

ఆమె ఏడ్వలేదు. నన్ను నిందింపలేదు. బియ్యము చెరుగుచునే యుండెను. నాకు మాత్రము మాట రాలేదు.

ఆ రాత్రి నేను పరిశుద్ధ గ్రంథము తెరచి, ఎన్నోమారులు ప్రసంగించిన భాగములనే మరల చదివితిని. అవి నాతో మూడు సంగతులు చెప్పెను.

మొదటిది. దైవజనుని కన్నులు సహితము పొరబడును. సమూయేలు బాల్యము నుండి దేవుని స్వరము విన్నవాడు. అయినను బేత్లెహేములో యెష్షయి పెద్ద కుమారుడు ఏలీయాబు ఎత్తును ముఖమును చూడగానే, ఇతడే రాజని తలంచెను. అప్పుడు దేవుడు ఆయనను ఆపి, నరుడు చూచుచోట నేను చూడను, నా చూపు లోపలి హృదయము మీదనే యుండునను భావముతో మాటలాడెను. అక్కడ గద్దింపబడినది లోకస్థుడు కాదు, ప్రవక్త. బోధకులారా, పెద్దలారా, ఇది ముందుగా మన కొరకే వ్రాయబడినది. జుట్టు ఘనత మనుష్యుని నిలువబెట్టునట్లయిన, ఏటేట కత్తిరించినప్పుడు 200 తులముల తూకము వచ్చిన అబ్షాలోము తలవెండ్రుకలు అతనిని తండ్రిమీద తిరుగుబాటు చేయకుండ ఆపవలసినది. ఆపలేదు.

రెండవది. వేషము వెనుకనున్న వేదన దేవునికి తెలియును. స్త్రీకి తలవెండ్రుకలు ఘనమని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఆ మాటను నేను త్రోసివేయుట లేదు. అయితే ఆ ఘనమును ఇతరులు బలవంతముగా తీసివేసినప్పుడు, ఆ స్త్రీని సిగ్గుపరచుటకు ఆ వాక్యమును కత్తెరగా వాడుట ఎంత క్రూరము! ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములో చెరపట్టబడి తల క్షౌరము చేయబడిన పరదేశి స్త్రీని గూర్చిన ఆజ్ఞ కలదు. ఆమెను నెల దినములు దుఃఖింపనియ్యవలెను, భర్తయైనవాడు తరువాత ఆమెను వద్దనుకొనినను వెండికి అమ్మకూడదు. ఆ కఠినమైన దినములలోనే, శత్రువుల కుమార్తెకు దేవుడు ఆ మాత్రపు కనికరము నియమించెను. మన సొంత కుమార్తె పరదేశమునుండి వచ్చినప్పుడు, నేను ఆమెకు ఒక్క ఆదివారము నెమ్మది ఇయ్యలేకపోతిని.

మూడవది. చూచుట వేరు, కనుగొనుట వేరు. పరిసయ్యుడైన సీమోను ఇంటిలో ఒక స్త్రీ తన కన్నీటితో ప్రభువు పాదములు తడిపి, తలవెండ్రుకలతో తుడిచెను. సీమోను ఆమె పూర్వ చరిత్రను చూచెను, విరబోసిన జుట్టును చూచెను. అప్పుడు ప్రభువు ఆమె తట్టు తిరిగి, సీమోనును ఒక ప్రశ్న అడిగెను: ఈ స్త్రీని నీవు చూచుచున్నావా? ఎంత ఆశ్చర్యము! ఇంతసేపు సీమోను చూచినది ఆమెనే కదా? కాదు. అతడు ఆమె జుట్టును చూచెను, ఆమెను చూడలేదు. ప్రభువు మాత్రము ఆ వెండ్రుకలలో ప్రేమను చూచెను. మన తలవెండ్రుకలను ఆయన లెక్కించుననుట కూడ ఇందుకే. అవి పొడుగో పొట్టియో కొలుచుటకు కాదు, మనము ఆయనకు ఎంత విలువగలవారమో తెలుపుటకు.

అట్లయిన అలంకారమును గూర్చి వాక్యములో హెచ్చరిక లేదా? కలదు. పేతురు తన మొదటి పత్రిక మూడవ అధ్యాయములో జడలల్లుటను, బంగారును, వస్త్రములను దాటి, సాధువైన ఆత్మను వెదకుమని చెప్పెను. అయితే నేను ఆ వాక్యమును తలక్రిందులుగా పట్టుకొంటిని. జడ మీద మనస్సు పెట్టుకొనువారికి అది హెచ్చరికయైతే, ఇతరుల జడ మీద మనస్సు పెట్టువారికి అంతకంటె ఎక్కువ హెచ్చరిక కాదా? ఒకామె అద్దము ముందు గంట కూర్చుండెను, మరియొకామె ఆ మొదటి ఆమెను గూర్చి గంట మాటలాడెను. ఇద్దరి గంటయు జడకే పోయినది.

తరువాతి ఆదివారము, ఆ సహోదరి అనుమతి తీసికొని, నేను పలికిన మాట తప్పని సంఘము ఎదుట ఒప్పుకొంటిని. నా కాళ్లు వణకెను. ఆ దినమున ఆమె వచ్చి మరల వెనుక వరుసలోనే కూర్చుండెను. చీర మారితే మనిషి చెడిపోవునని తీర్పు చెప్పిన ఆ వృద్ధ సహోదరి, రెండవ కీర్తన పాడుచుండగా ముందు వరుసలోనుండి లేచి, పాటల పుస్తకము చంకన పెట్టుకొని, వెనుకకు పోయి ఆమె ప్రక్కన కూర్చుండెను. ఏమియు మాటలాడలేదు. పుస్తకము ఇద్దరి మధ్య తెరచి పట్టుకొనెను. అంతటితో గాయము మానినదని నేను చెప్పను. ఆమె ఇప్పటికిని మాలో పూర్తిగా కలియలేదు. అయితే ఆ దినమున పాడినప్పుడు ఆమె స్వరము మాకు వినబడెను.

ప్రియులారా, మీరు కథలు చూడవచ్చును. అందులోని జడను గూర్చి, చీరను గూర్చి నవ్వుకొనవచ్చును. ఆ నటి మీ మాట వినదు, ఆమెకు నొప్పియు కలుగదు. అయితే అదే కన్నుతో, అదే నాలుకతో మందిరములోనికి రాకుడి. ఇక్కడ కూర్చుండువారు పాత్రలు కారు. ఈ వారము మీ సంఘములో క్రొత్త తీరున కనబడు వ్యక్తిని చూచినప్పుడు, ఆ వేషమును గూర్చి పొరుగువారితో మాటలాడక మునుపు, ఆ వ్యక్తితో మాటలాడుడి. “బాగున్నావా అమ్మా?” అని అడుగుడి. మన కుమార్తెలకు సంబంధము చూచునప్పుడు రంగు మాట ఎత్తక, భక్తిని గూర్చి, ఓర్పును గూర్చి అడుగుడి. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో చెప్పబడిన జాలి, దయ, వినయము, ప్రేమ అను వస్త్రములు ధరించుకొనుడి. అవి ఏ కాలమునకైనను నప్పును.

ప్రార్థింతము: ప్రభువా, సమూయేలు చూపును సరిచేసిన దేవా, మా చూపును సరిచేయుము. మేము నవ్విన మనుష్యుల ముఖములను ఈ రాత్రి మాకు జ్ఞాపకము చేయుము. వారియొద్దకు వెళ్లుటకు మా పాదములకు ధైర్యమిమ్ము. ఎవరికిని వినబడకుండ పాడుకొనుచున్న నీ బిడ్డల పాటను నీవు వినుచున్నావు. మేమును వినునట్లు మా చెవులు తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.