ముందు వైరు, తర్వాతే ఆల్టర్నేటర్

అబ్బాయ్, తాతగారి అంబాసిడర్‌ను షెడ్డులోంచి తీసి మళ్లీ రోడ్డెక్కిస్తున్నావని విని చాలా సంతోషించాను. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లోనే తయారీ ఆగిపోయిన బండి అది. ఉన్నవాటిని నిలబెట్టుకోవడమే ఇక మన పని. అయితే, డైనమో పీకేసి ఈ ఆదివారమే పెద్ద ఆల్టర్నేటర్ బిగించేస్తానన్నావట. ఆ ఒక్క విషయంలో తొందరపడకు.

నీ ఆలోచనలో తప్పులేదు. పాత లూకాస్ డైనమో బాగా తిరిగినప్పుడు ఇచ్చేదే 22 ఆంపియర్లు. సిగ్నల్ దగ్గర ఆగితే అదీ ఉండదు. 60 వాట్ల హాలోజన్ బల్బులు రెండు వెలిగిస్తేనే 10 ఆంపియర్లు పోతాయి. వానలో వైపర్లు, ఫ్యాను కూడా తోడైతే ఆ భారమంతా బ్యాటరీ మీదే పడుతుంది. 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఉంటే ఆ బాధ తప్పుతుంది.

కానీ నాయనా, 22 ఆంపియర్లకని వేసిన పాత వైరు 45ను మోయలేదు. వేడెక్కి తొడుగు కరుగుతుంది, బండికే నిప్పంటుకోవచ్చు. అందుకే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కొత్తగా లాగు, దానికి తగిన ఫ్యూజు పెట్టు. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు గీకి బిగించు. డైనమోకు ఉండే పాత కటౌట్ పెట్టెను లైన్లోంచి తప్పించు. బ్యాటరీలో ఏ కొస ఎర్త్ అయి ఉందో తప్పక చూసుకో. ఆ కాలపు బండ్లలో పాజిటివ్ ఎర్త్‌వి ఉండేవి. తిరగేసి కలిపితే డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

పాత ఆల్టర్నేటర్ దొరికితే పారేయకు, విప్పి బాగుచెయ్యి. బేరింగులు రెండూ, కార్బన్ బ్రష్షులూ కొత్తవి వెయ్యి. స్లిప్ రింగులు సన్నటి ఎమరీతో మెరిసేదాకా తుడువు. ఆరు డయోడ్లనూ ఒక్కొక్కటిగా మల్టీమీటర్‌తో చూడు. కరెంటు ఒకవైపే పోవాలి. టంకం పెట్టేటప్పుడు డయోడ్ కాలును ముక్కు పట్టకారుతో పట్టుకుంటే వేడి లోపలికి పాకదు. డాష్‌బోర్డులోని ఎర్ర ఛార్జింగ్ బల్బును చిన్నచూపు చూడకు. చాలా పాత రకాల్లో రోటార్‌కు మొదటి కరెంటు దాని గుండానే అందుతుంది. అది మాడిపోతే ఛార్జింగ్ మొదలవకపోవచ్చు.

అంతా బిగించాక బ్యాటరీ దగ్గర మీటరు పెట్టు. ఇంజను ఆగి ఉన్నప్పుడు 12.6, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపించాలి. 15 దాటితే రెగ్యులేటర్ మార్చు. పరీక్ష పేరుతో నడుస్తున్న ఇంజను మీద బ్యాటరీ వైరు మాత్రం ఎప్పుడూ ఊడదీయకు. ఎవరు చెప్పినా వినకు.

ఇంకో వారం ఆలస్యమైతే తాతగారి బండికి వచ్చే నష్టమేమీ లేదు. ముందు వైరింగు పూర్తిచెయ్యి, తర్వాతే ఆల్టర్నేటర్ కొను.