అడిగే నోరు

మా వీధి చివర మురుక్కాలవ పక్కన, ఎవరో పారేసిన సిమెంటు తూములో ఆ తల్లికుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. రెండు నెలలు తిరక్కుండానే నాలుగు పోయాయి. ఎప్పుడు పోయాయో, ఎలా పోయాయో వీధిలో ఎవరం గమనించలేదు. ఉన్నన్నాళ్లూ ముద్దుగా ఉన్నాయనుకున్నాం, కనిపించకపోతే ఎటో వెళ్లాయనుకున్నాం. ఐదోది మాత్రం ఒక ఆదివారం సాయంత్రం మా మెట్ల కింద, నా స్కూటీ చక్రానికి ఆనుకుని పడి ఉంది. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నలుపు. మూతి దగ్గర తెల్లటి నురగ. తోక కిందంతా నెత్తురు. ముట్టుకుంటే చెవులు చల్లగా తగిలాయి.

ఆ పిల్ల బతికింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. దాని కోసం నేను నలుగురినీ డబ్బులు అడిగాను. యాభై రెండేళ్లలో మొదటిసారి అడిగాను. ఆ అడగడమే నన్ను ఇన్నాళ్లయినా కుదురుగా ఉండనివ్వడం లేదు.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఆదివారం సాయంత్రం పూట ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉండదు. పాత తువ్వాలులో చుట్టుకుని నేనూ మా అబ్బాయీ ఆటో ఎక్కి, బందరు రోడ్డు వైపు తెరిచి ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరమ్మది చిన్న వయసు. పిల్ల వీపు మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపి వదిలింది. లేచిన చర్మం లేచినట్టే నిలబడిపోయింది. ఒంట్లో నీరు ఎంత ఇంకిపోయిందో దాన్నిబట్టే తెలుస్తుందట. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సుద్దలా ఉన్నాయి. దూదిపుల్లతో నమూనా తీసి కిట్ మీద చుక్కలు వేసింది. కాసేపటికి రెండు గీతలు తేలాయి.

"పార్వో అండీ," అంది.

ఈ వైరస్‌ను కుక్కల్లో మొదటిసారి 1978లో గుర్తించారు. అప్పటికి ఏ కుక్క ఒంట్లోనూ దాన్ని ఎదుర్కొనే శక్తి లేకపోవడంతో రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచమంతా పాకిపోయింది. ఒంట్లో ఎక్కడ కణాలు వేగంగా పుడుతుంటాయో అక్కడికే వెళుతుందిది. పేగుల లోపలి పొరకీ, ఎముకల్లోని మూలుగకీ. పేగు పొర ఊడిపోయాక తాగిన నీళ్లు కూడా నిలవవు, పేగులో ఉండాల్సిన సూక్ష్మజీవులు నెత్తుట్లోకి దిగుతాయి. వాటిని అడ్డుకోవాల్సిన తెల్లకణాలు పుట్టే చోటు కూడా అప్పటికే దెబ్బతిని ఉంటుంది. వైరస్‌ను నేరుగా చంపే మందు డాక్టరమ్మ దగ్గర లేదు. సెలైన్ ఎక్కించాలి, వాంతులు ఆపాలి, యాంటీబయోటిక్ ఇవ్వాలి, ఒళ్లు వెచ్చగా ఉంచాలి, చక్కెర పడిపోకుండా చూడాలి. పిల్ల ఒళ్లు తనంతట తాను తేరుకునేదాకా దాన్ని పట్టుకుని నిలబెట్టడమే వైద్యం. మొదటి మూడు నాలుగు రోజులు దాటిస్తే చాలావరకు బతుకుతాయి. వదిలేస్తే చాలావరకు చచ్చిపోతాయి. ఆ నాలుగూ ఎలా పోయాయో నాకు అక్కడ, ఆ స్టీలు బల్ల పక్కన నిలబడితే అర్థమైంది.

"ఐదు రోజులు ఉంచాలండీ. రోజుకి మూడు వేలవుతుంది. వీధిపిల్ల కాబట్టి నా ఫీజు వద్దు. మందులూ సెలైనూ రాత్రి కాపలా ఉండే మనిషి ఖర్చూ మాత్రం తప్పవు."

తారీకు ఇరవై తొమ్మిది. నా ఖాతాలో నాలుగు వేల చిల్లర ఉంది.

ముందరి కాలికి సూది ఒక పట్టాన ఎక్కలేదు. నరాలు ముడుచుకుపోయాయి. మూడోసారికి పసుపురంగు క్యాన్యులా నిలిచింది. మనుషుల్లో పసిపిల్లలకు వాడేదీ అదే. పిల్ల తూకం కిలోన్నర. పైన వేలాడుతున్న అరలీటరు సెలైన్ సీసా బరువే దాని బరువులో మూడోవంతు ఉంటుంది. అంత కట్టు కట్టిన కాలిని అది ఎత్తలేక, కింద పరిచిన గుడ్డ మీద అలాగే ఈడ్చుకుంది.

మా నాన్నగారు గుమాస్తాగిరీ చేసి మమ్మల్ని పెంచారు. ఒకరి ముందు చేయి చాచకూడదన్నది మా ఇంట్లో అన్నంతో పాటు వడ్డించిన మాట. చేబదులుకు మాత్రం అడ్డుండేది కాదు. పక్కింటి పిన్నిగారి దగ్గర గ్లాసెడు పంచదార, నెలాఖరున వంద రూపాయలు. ఎంత మంచి మాట చేబదులు! కాగితం లేదు, వడ్డీ లేదు, ఈ చేతిలోది ఆ చేతిలోకి వెళ్లి మళ్లీ వచ్చేస్తుంది. చందా ఇంకో రకం. వినాయక చవితికి పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చే పిల్లలకు సిగ్గుండదు, ఉండక్కర్లేదు కూడా. వాళ్ల నోటితో అడుగుతున్నది వీధి. ఇక మిగిలింది బిచ్చం. ఆ రాత్రి క్లినిక్ బయట బెంచీ మీద ఫోను పట్టుకు కూర్చుని, నేను అడగబోయేది వీటిలో ఏదవుతుందా అని చాలాసేపు వెతుక్కున్నాను. తిరిగి ఇచ్చేది లేదు కనుక చేబదులు కాదు. వెనకాల వీధి లేదు కనుక చందా కాదు. బిచ్చమే అనుకుందామంటే అందులో ఒక్క రూపాయి నాకు చెందేది లేదు. ఆ ఆలోచన వచ్చాకే వేళ్లు కదిలాయి. నా కోసమే అయితే కదిలేవి కావు.

ఫొటోలు మూడు తీశాను. ఒకదాంట్లో పిల్ల హాయిగా నిద్రపోతున్నట్టుంది. ఒకటి మసకగా వచ్చింది. ఒకదాంట్లో కట్టు కట్టిన కాలు, తడిసి అట్టకట్టిన బొచ్చు, నా వైపే చూస్తున్న ఒక కన్ను. ఆ మూడోదే పెట్టాను. ఏది చూస్తే ఎదుటివాళ్ల మనసు కరుగుతుందో ఆలోచించుకునే పెట్టాను. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ ఎంచుకున్న క్షణం మనసులోంచి పోదు. అది తన ఫొటో అని ఆ పిల్లకు తెలియదు. తన దీనస్థితి ఎన్ని అరచేతుల్లోకి వెళ్లిందో తెలియదు. వద్దనడానికి దానికి నోరు లేదు.

బంధువుల గ్రూపులో, బడి గ్రూపులో, మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల పాటు ఎక్కడా చప్పుడు లేదు. చదివారని తెలుస్తూనే ఉంది. ఆ పది నిమిషాల్లో మా నాన్నగారు చెప్పిన మాటకు అసలు అర్థం ఏమిటో తెలిసింది. అడిగినవాడు ఎదుటివాడి మౌనం కింద నిలబడి ఉండాలి. అది ఎండలో నిలబడటం లాంటిది.

మొదటి డబ్బులు మా బడిలో ఆయాగా చేసే ఆవిడ దగ్గర్నుంచి వచ్చాయి. నూట పదహార్లు. పెళ్లికి చదివించినట్టు, బారసాలకు పళ్లెంలో వేసినట్టు నూట పదహార్లు! ఆ అంకె చూసి నేను ఏడ్చాను. తర్వాత వరసగా వచ్చాయి. డల్లాస్‌లో ఉంటున్న నా పాత విద్యార్థి ఐదు వేలు వేశాడు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నాలుగు మడతలు పెట్టిన యాభై కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి 31 మంది, 14,866 రూపాయలు. పేరూ, అంకే బడి నోట్సులో రాసుకున్నాను. రోజూ రాత్రి బిల్లు ఫొటో తీసి అన్ని గ్రూపుల్లోనూ పెట్టేదాన్ని. ఎవరూ లెక్క అడగలేదు. వాళ్లు వేరేది అడిగారు. తెల్లవారుజామున ఐదింటికే "పిల్ల ఎలా ఉంది?" అని మెసేజీలు. మూడో రోజు తెల్లకణాలు బాగా పడిపోయాయని రాస్తే, ఆయా ఫోన్ చేసి, "మన పిల్లకి ఏం కాదు టీచర్‌గారూ" అంది.

మన పిల్ల. ఆదివారం మధ్యాహ్నం వరకూ అది ఎవరిదీ కాదు. ఎవరూ చూడకుండా, ఎవరికీ పట్టకుండా పోతే మన భాషలో దాన్ని కుక్కచావు అంటాం. దాని అన్నదమ్ములు నాలుగూ అలాగే పోయాయి. డబ్బు దీన్ని బతికించిందో లేదో చెప్పలేను, సెలైన్ బతికించింది, డాక్టరమ్మ బతికించింది. అయితే నూట పదహార్లు ఇచ్చినావిడ మాత్రం ఆ డబ్బుతో పాటు తన రాత్రి నిద్ర కూడా ఇచ్చింది. ఇచ్చినవాళ్లకే బెంగ పట్టుకుంటుందని నాకు అంతకుముందు తెలియదు.

అందరూ ఇవ్వలేదు. మనుషులకే దిక్కు లేకపోతే కుక్కలకా అని స్టాఫ్‌రూమ్‌లో ఒకరన్నారు. మా సోషల్ మాస్టారు నా పక్షాన నిలబడి, ప్రాణుల పట్ల దయ మన రాజ్యాంగంలోనే పౌరుడి విధి అని, 1976లో 42వ సవరణతో వచ్చిన 51ఎ(జి) అని చెప్పారు. మాట అక్కడితో ఆగింది. ఆ ప్రశ్న అంతకన్నా నన్ను తాకలేదు. అడిగినావిడ మనుషులకు కూడా ఏమీ ఇవ్వరని నాకు తెలుసు.

తాకింది ఇంకోచోట. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి ఉంటుంది. రోజూ పొద్దున్నే ఫ్లాస్కూ పాత గుడ్డలూ పట్టుకుని నేను క్లినిక్‌కి వెళ్లడం అతను చూస్తున్నాడు. బుధవారం బట్టలు ఇవ్వబోతే, పెట్టె పక్కన పెట్టి అడిగాడు.

"మా పాపకి కాలిరిగినప్పుడు మీరు ఐదొందలిచ్చారమ్మా. ఈ కుక్కపిల్లకి ఎంతయిందండీ?"

గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"పదిహేను వేల దాకా అవుతుంది బాబూ," అన్నాను.

"అంతవుద్దా!" అని చీర మడత తిప్పుకున్నాడు.

కిందటేడు అతని కూతుర్ని బండి గుద్దేసింది. తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. బయట కొన్న మందులకీ, రాకపోకలకీ, బండి మూసేసిన రెండు నెలల తిండికీ అతను ఇంటింటికీ తిరిగి అడిగాడు. మా గేటు దగ్గరా నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్లి ఐదు వందలు తెచ్చి ఇచ్చాను. పాప జాగ్రత్త అన్నాను. గేటు వేసుకున్నాను. అతను తర్వాతి గేటుకు వెళ్లాడు.

ఆ రోజంతా మనసులో జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాను. దయను తూకం వేయకూడదని, ఒకరికి పెట్టింది ఇంకొకరి నుంచి లాక్కున్నట్టు కాదని, కళ్లెదుట పడినదాన్ని వదిలి వెళ్లలేమని. అన్నీ నిజమే. కానీ అతను అడిగింది అదికాదు. లెక్క వేసుకుంటే పిల్లకి నా సొంత డబ్బు రెండు వేలకు మించలేదు. తేడా ఐదు వందలకీ రెండు వేలకీ మధ్య లేదు. కుక్కపిల్ల కోసం నేను అడిగాను. అతని పాప కోసం ఒక్కరిని కూడా అడగలేదు. మూడు గ్రూపులు అప్పుడూ ఉన్నాయి. డల్లాస్ కుర్రాడు అప్పుడూ ఉన్నాడు. ఆ తండ్రికి నోరుంది కదా, అడుగుతున్నాడు కదా అని, అడిగే బరువంతా అతనికే వదిలేశాను. గేటు గేటుకూ ఆ పది నిమిషాల మౌనాన్ని అతనొక్కడే మోశాడు. నాకు మూడు ఫోను గ్రూపుల మౌనమే కాళ్లు వణికించింది. అతనికి ఎన్ని గేట్లో!

తెలుగు పాఠం చెప్పేదాన్ని కనుక నాకు సరమ గుర్తొస్తుంది. కుక్క మాట రాగానే అందరూ ధర్మరాజు వెంట నడిచిన కుక్కను తలుస్తారు. నాకు ఆ కథ కన్నా భారతం మొదట్లో వచ్చే సరమ కథే దగ్గర. ధర్మరాజు వెంట వెళ్లింది చివరికి సాక్షాత్తూ యమధర్మరాజుగా తేలుతుంది. సరమ కొడుకు చివరిదాకా కుక్కపిల్లే. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటుంటే రాజు తమ్ముళ్లు కొట్టారు. ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. దేవశుని అయిన సరమ నేరుగా యాగశాలకు వచ్చి, నా బిడ్డ ఏ తప్పూ చేయలేదే, ఎందుకు కొట్టారని అడిగింది. జవాబు లేదు. ఆ తర్వాతే ఆమె, అనుకోని భయం వచ్చి పడుతుందని చెప్పి వెళ్లిపోయింది. పిల్లల చేత ఈ కథ ఎన్నిసార్లు చదివించానో. ఆ తల్లికి నోరుంది, నిండు సభలో అడిగింది. ఆమె పక్కన నిలబడి అడిగినవాళ్లు మాత్రం ఒక్కరు లేరు.

పిల్ల ఆరో రోజు ఇంటికొచ్చింది. తగ్గాక కూడా కొన్ని వారాలు దీన్నుంచి వైరస్ బయటికి వస్తుంటుందని వేరే గదిలో ఉంచాం. బ్లీచింగ్ నీళ్లతో మెట్లు కడిగాం. మట్టిలో అది నెలల తరబడి బతుకుతుందట, అంటే వచ్చే ఈతలో ఆ కాలవ పక్కన పుట్టే పిల్లలకూ గండం ఉన్నట్టే. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి వేయించాలి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నన్నాళ్లూ టీకా సరిగా పట్టదు కనుక ఇన్నిసార్లు. నోట్సులో ఆ టీకాల కోసం కొత్త పేజీ తీశాను.

మొన్న శుక్రవారం బట్టలు తెచ్చుకోవడానికి వెళ్లి, పాప కాలెలా ఉందని అడిగాను.

"నడుస్తందమ్మా. రాడ్డు తీయించాలన్నారు. సంక్రాంతి దాటాక చూద్దామని."

"ఎంత కావాలి?"

చెప్పలేదు. పెట్టె మూత తీసి బొగ్గుల మీద విసనకర్రతో విసిరాడు. నిప్పురవ్వలు లేచి అణిగాయి.

"నేను అడగనా, మా వాళ్లని?"

అతను పెట్టె మూసి, నా చీర అంచు సరిచేసి, ఒకసారి పైనుంచి కిందికి లాగాడు. మళ్లీ లాగాడు. మడత పెట్టి నా చేతికిచ్చాడు.

"అడిగితే అడగండమ్మా," అన్నాడు. "పాప ఫొటో మాత్రం పెట్టమాకండి."