టెంటాయన ఆగుతడు, తారీకు ఆగదు

నర్సంపేట అవతల ఒక ఊళ్ళో ఒక రైతు కూతురు డిగ్రీ పాసైంది. ఆ ఇంట్లో అంతదాకా చదివిన మొదటి ఆడపిల్ల. పైగా పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది, కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సీటు వచ్చింది. తండ్రి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. దావత్ చెయ్యాల్సిందేనన్నాడు.

వాకిట్లో షామియానా లేచింది. బగారన్నం, మటన్ వండటానికి పక్క ఊరి నుంచి వంటాయన వచ్చాడు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో అమ్మాయి ఫొటోకు కంప్యూటర్‌లో నల్లగౌను తొడిగి, నెత్తిన చతురస్రపు టోపీ పెట్టారు. నిజానికి ఆ పిల్ల స్నాతకోత్సవమన్నది టీవీలో తప్ప చూడలేదు. అనుబంధ కాలేజీల్లో చదివిన పిల్లల్లో చాలామందికి డిగ్రీ పట్టా అంటే ఫీజు కట్టి, దరఖాస్తు పెట్టి తెప్పించుకునే కాగితమే.

చుట్టాలు ఉత్తచేతులతో రాలేదు. హైదరాబాదులో సెల్‌ఫోన్ షాపున్న మేనమామ అర తులం కమ్మలు తెచ్చాడు. తులం లక్ష దాటిన రోజుల్లో అర తులమంటే మాటలా! డబ్బీ మూత తీసి, అందరికీ కనబడేలా చూపించి మరీ ఇచ్చాడు. పెద్దమ్మ గద్వాల చీర పెట్టింది. డాలస్‌లో ఉన్న పెదబాపు కొడుకు, అడుగులు లెక్కపెట్టే వాచీ పంపాడు. ఊరివాళ్ళు కవర్లు ఇచ్చారు. నూటపదహార్లు, ఐదు వందల పదహార్లు, ఇద్దరు ముగ్గురు వెయ్యిన్నూటపదహార్లు. అమ్మాయి తమ్ముడు ఒక మూల కూర్చొని పేర్లూ అంకెలూ నోటుబుక్కులో ఎక్కించాడు. రేపు వాళ్ళిళ్ళలో శుభకార్యమైతే అంతకు తక్కువ కాకుండా తిరిగి పెట్టాలి కదా.

చిన్నమ్మ ఒక్కతే ఏమీ తేలేదు. ఆమె అదే ఊళ్ళో బట్టలు కుడుతుంది. "నేను తర్వాత ఇస్త బిడ్డా" అంది. పెద్దమ్మ మూతి తిప్పుకుంది.

మంగళవారం నాడు అమ్మాయి గద్వాల చీర జాకెట్టు గుడ్డ పట్టుకొని చిన్నమ్మ దగ్గరికి పోయింది. చిన్నమ్మ మెడలోని టేపు తీసి భుజం కొలిచింది, చెయ్యి పొడవు కొలిచింది, అంకెలు పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుంది. సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీస్తుండగా అమ్మాయి అంది:

"లోపల కుట్టు జర ఎక్కువ వదులు చిన్నమ్మా. ఈ చీర పెండ్లికి దాస్తదట అమ్మ. అప్పటికి నేను లావైతనేమోనని."

సుద్దముక్క ఆగింది.

"పెండ్లెప్పుడు?"

"ఏమో, నాకేం తెలుసు."

"మరి కాలేజీల చేరుడెప్పుడు?"

జవాబు రాలేదు. కాసేపయ్యాక, "శుక్రవారం ఆఖరు తారీకు" అంది.

"సర్టిఫికెట్లు చేతికొచ్చినయా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. రెండేళ్ళ ఫీజు రీయింబర్స్‌మెంట్ సర్కారు నుంచి కాలేజీకి రాలేదు. ఆ 28,400 రూపాయలు ముందు మీరు కట్టండి, సర్కారు పైసలు వచ్చాక మీకు వాపసిస్తాం, అంతదాకా టీసీ, మెమోలు మా దగ్గరే ఉంటాయన్నారు కాలేజీవాళ్ళు. టీసీ ఒరిజినల్ చేతిలో లేకపోతే యూనివర్సిటీలో చేర్చుకోరు. సీటు మెసేజీ ఫోన్‌లో ఉంది, ఫ్లెక్సీ బస్టాండులో ఉంది, కాగితాలు మాత్రం కాలేజీ బీరువాలో ఉన్నాయి.

"మీ బాపుకు ఎరుకేనా?"

"ఎరుకే. దావత్ అయినంక చూద్దామన్నడు."

"మీ మామకు?"

"ఎవ్వలడిగిన్రు చిన్నమ్మా? అందరు మార్కులెన్ని అని అడిగిన్రు, మంచి సంబంధం చూస్తమన్నరు."

చిన్నమ్మ జాకెట్టు గుడ్డ మడిచి పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కొని నేరుగా అమ్మాయి వాళ్ళింటికి పోయింది.

తండ్రి ముందు తల దించుకున్నాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు. దావత్ చెయ్యకపోతే నలుగురిలో ఏమనుకుంటారన్నాడు. దావత్‌కు అరవై వేలు దాటింది, అందులో సగం అప్పు. కమ్మల మాట వచ్చింది. తల్లి బీరువాకు అడ్డం నిలబడినంత పని చేసింది, పెండ్లికని వచ్చిన బంగారం ముట్టొద్దంది. బిల్లు చూస్తే తరుగు, మజూరి, పన్ను విడివిడిగా రాసి ఉన్నాయి. ఇప్పుడు వాపసిస్తే షాపువాడు బంగారం విలువ కట్టిస్తాడు, తరుగు, మజూరి పోయినట్టే. చీరను ఎవరు కొంటారు? వాచీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"కవర్లలెంత వచ్చింది?" అని అడిగింది చిన్నమ్మ.

తమ్ముడు నోటుబుక్కు తెచ్చాడు. ముప్ఫై ఒక్క వేల చిల్లర. ఆ పైసలు టెంటుకూ వంటాయనకూ ఇవ్వాలని తండ్రి ట్రంకుపెట్టెలో పెట్టాడు.

"గవి తియ్యి" అంది చిన్నమ్మ.

"టెంటాయనకు రేపిస్తనని మాటిచ్చిన."

"టెంటాయన ఆగుతడు బావా. తారీకు ఆగదు."

బుధవారం పొద్దున్నే చిన్నమ్మ, అమ్మాయి ఇద్దరూ బస్సెక్కారు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్, కాబట్టి దారిఖర్చు లేదు. కాలేజీ ఆఫీసులో క్లర్కు "సారు లేడు, రేపు రాండ్రి" అన్నాడు. చిన్నమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. "సారు వచ్చేదాంక ఉంటం" అంది. మధ్యాహ్నం సారు వచ్చాడు, భోజనానికి పోయాడు, మళ్ళీ వచ్చాడు. డబ్బు లెక్కపెట్టి తీసుకొని క్లర్కు రసీదు చింపి ఇచ్చాడు. చిన్నమ్మ దాన్ని అమ్మాయి చేతికిచ్చి చదవమంది. కట్టింది ఫీజు బాకీ అని మాత్రమే ఉంది.

"సర్కారు పైసలొస్తే వాపసిస్తమని గూడ రాయి సారూ."

"అట్ల రాయమమ్మా."

"నోటితోటి చెప్పింది కాయితం మీద రాస్తె ఏమైతది?"

కాసేపు వాదన నడిచింది. ప్రిన్సిపాల్ గదిలోంచి తల బయటికి పెట్టి రాసివ్వమన్నాడు. నాలుగున్నరకు టీసీ, మెమోలు, ప్రొవిజనల్ అన్నీ చేతికి వచ్చాయి. గేటు ముందున్న జిరాక్స్ షాపులో చిన్నమ్మ అన్నిటివీ పది సెట్లు తీయించింది. ఒరిజినల్స్‌కు లామినేషన్ చేయించుదామంది, వెరిఫికేషన్‌లో ఇబ్బందైతదని అమ్మాయి వద్దంది. ఎనభై రూపాయలు పెట్టి గుండీ ఉన్న ప్లాస్టిక్ ఫైలు కొని చిన్నమ్మ కాగితాలన్నీ అందులో సర్దింది.

"ఇదే నా కట్నమనుకో. జాకెట్టు కుట్టు పైసలు మాత్రం మీ అమ్మ దగ్గర తీసుకుంట" అంది.

శుక్రవారం అమ్మాయి ఎమ్మెస్సీలో చేరింది. టెంటాయన రెండుసార్లు ఇంటి మీదికి వచ్చి గట్టిగా అడిగిపోయాడు. వాడకట్టంతా విన్నది. సంక్రాంతి లోపల అతని బాకీ తీర్చారు. పరువేమీ పోలేదు.

నీతి: కానుక కొనడానికి ముందు, పుచ్చుకునే పిల్ల ముందున్న గడువేమిటో కనుక్కో.

కథలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. మేనమామ ప్రేమతోనే తెచ్చాడు, పెద్దమ్మ ఖర్చుకు వెనకాడలేదు. చిక్కల్లా ఎక్కడుందంటే, ఇద్దరూ డిగ్రీ పాసైన పిల్లకు ఇస్తున్నామనుకుంటూ, ఎప్పుడో జరగబోయే పెళ్ళికి ఇచ్చారు. మన ఇళ్ళలో ఇది ఎంత మామూలైపోయిందంటే, అబ్బాయి బీటెక్ పాసైతే బైకో ల్యాప్‌టాపో అంటాం, అమ్మాయి పాసైతే నగల షాపుకు దారి తీస్తాం. కొడుక్కిచ్చింది రేపటి నుంచే తిరుగుతుంది. కూతురికిచ్చింది బీరువాలోకి పోతుంది, తాళంచెవి తల్లి కొంగున ఉంటుంది. చదువుకున్నందుకు ఇచ్చే కానుక చదువు తర్వాతి మెట్టుకు పనికిరావాలి కదా.

ఫీజు బకాయిల సంగతి కల్పన అనుకోవద్దు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన రీయింబర్స్‌మెంట్ పథకం లక్షల ఇళ్ళకు డిగ్రీ తెచ్చింది. అది ఎంత నిజమో, నిధులు ఆలస్యమైనప్పుడు ఆ బరువు చివరికి విద్యార్థి సర్టిఫికెట్ల మీద పడటమూ అంతే నిజం. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించిన సందర్భాలూ ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. ఆ మాట పట్టుకొని ఫిర్యాదు చెయ్యవచ్చు, చెయ్యాలి కూడా. కానీ ఫిర్యాదు తేలేలోపు శుక్రవారం దాటిపోతుంది. అలాంటప్పుడు ఆ ఇంటికి అర తులం కమ్మల కంటే అందులో సగం ఖరీదుండే రసీదు విలువైనది.

అందరికీ ఇదే అవసరం ఉండదు. ఒక అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వస్తుంది, మొదటి జీతం నెలాఖరుకు గాని రాదు, హాస్టల్ అడ్వాన్సు మాత్రం చేరిన రోజే కట్టాలి. ఆ ఒక్క నెల ఖర్చు ఇచ్చిన బాబాయిని ఆమె జన్మలో మరవదు. ఇంకొకరికి పాస్‌పోర్టు కావాలి. మామూలు దరఖాస్తుకు 1500 రూపాయలు, వస్తే పదేళ్ళు చెల్లుతుంది. కొన్నిచోట్ల గద్వాల చీర జాకెట్టు కుట్టుకూలి, ఫాల్, పికో అన్నీ కలిపితే దాదాపు అంత అవుతుంది! డ్రైవింగ్ నేర్పించడమూ మంచి కానుకే. లెర్నర్ లైసెన్సు వచ్చాక నెల రోజులు ఆగి పరీక్షకు పోవచ్చు. ఆ నెలలో రోజూ పొద్దున ఒక గంట ఆమె పక్కన కూర్చునే ఓపిక ఉన్న అన్నయ్య దొరకడమే కష్టం.

బంగారమే ఇస్తామని పట్టుబట్టే మామలూ అత్తలూ ఉంటారు. తప్పులేదు, ఆపదలో ఆదుకునేది అదే. అయితే నగకంటే నాణెం మేలు, మజూరి తక్కువ పోతుంది. నగే అయితే 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన హాల్‌మార్కు నంబరు, అంటే హెచ్‌యూఐడీ, చూసుకోండి. బిల్లు ఆమె పేరు మీద రాయించి ఆమె చేతికే ఇవ్వండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం కానుకగా వచ్చింది ఆమె సొంత ఆస్తి, దాని మీద పూర్తి హక్కు ఆమెదే. అమ్మాలా, కుదవపెట్టాలా, దాచాలా అన్నది తేల్చుకోవాల్సింది ఆమే. నగదు ఇస్తే తండ్రి జేబులో కాకుండా ఆమె సొంత ఖాతాలో వెయ్యండి. కథలో కవర్ల డబ్బు ట్రంకుపెట్టెలోంచి టెంటాయన దగ్గరికి పోబోయిన సంగతి చూశారుగా.

ఇచ్చాక దాని గురించి ఆరా తీయడం మానెయ్యండి. "మేమిచ్చిన ల్యాప్‌టాప్ మీద ఏం చేస్తున్నవ్" అని ప్రతి పండక్కీ అడిగే చుట్టం ఉంటే, ఆ పిల్ల ఆ ల్యాప్‌టాప్ వెనక్కిచ్చేసి ఊపిరి పీల్చుకోవాలనుకుంటుంది.

ఈ ఏడు మీ చుట్టాల్లో ఎవరి అమ్మాయైనా డిగ్రీ పూర్తిచేసి ఉంటే, షాపుకు పోయే ముందు ఒక్క ఫోన్ చెయ్యండి. సర్టిఫికెట్లు వచ్చాయా, ఎక్కడ చేరుతున్నావు, ఆఖరు తారీకు ఎప్పుడు, ఎంత కట్టాలి అని అడగండి. ఆమెనే అడగండి. తండ్రిని అడిగితే అంతా బాగానే ఉందంటాడు.