రాయి మిగిలింది, రంగు ఎటు పోయింది?

స్టేషన్ ఘన్‌పూర్ వాళ్లం వరంగల్ పోయామంటే పని పడ్డట్టే. దవాఖానకో, పెండ్లి బట్టలకో, కోర్టు వాయిదాకో. ప్యాసింజరు ఎక్కితే నష్కల్, పెండ్యాల, ఆ తర్వాత కాజీపేట. పని కాగానే తిరుగు బండి. దూరపు చుట్టాలు వచ్చినప్పుడు తప్ప వేయిస్తంభాల గుడి మెట్లెక్కం. ఎప్పుడైనా చూడొచ్చులే అన్న ధీమా అలాంటిది.

అదే ఊళ్లో తీరిగ్గా తిరిగినవాళ్లు మన సాహిత్యంలో ఇద్దరున్నారు, మంచనశర్మ, టిట్టిభసెట్టి. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న ‘క్రీడాభిరామం’లో (అది శ్రీనాథుడిదేనని వాదించినవాళ్లూ ఉన్నారు) ఈ స్నేహితులు ఒక్క రోజులో ఓరుగల్లు వీధులన్నీ చుట్టేస్తారు. పూటకూళ్లింట్లో రూకకు భోజనం, కోడిపందెం, పొట్టేళ్ల పోరు, ఏకవీర గుడి, పల్నాటి వీరుల కథ పాడే ఆడమనిషి. వేశ్య మాచల్దేవి చిత్రశాల ప్రవేశం కూడా ఆ రోజే. అక్కడి బొమ్మల్లో అహల్య, తార, మేనకల కథలు. ఆడవాళ్లను చూసే చూపులో వెకిలితనం ఉంది, కాదనను. అయినా రాజుల బిరుదులు ఏకరువు పెట్టే శాసనంలో కనబడని ఊరు ఇందులో కనబడుతుంది.

ఇప్పుడు ఖిలా వరంగల్ పోతే నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. పైన అడ్డదూలం మీద హంసలు, కింద వేలాడే మొగ్గలు, అన్నీ రాతివే. దేవుడి బొమ్మలు లేవు కాబట్టే బతికాయంటారు. వాటి నడుమ ఉండాల్సిన స్వయంభూదేవుడి గుడి మాత్రం ముక్కలు ముక్కలుగా నేల మీద పరిచి ఉంది. 1323లో కోట ఢిల్లీ సేనల చేతికి చిక్కింది. 2014లో ఆ తోరణం రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది. గుడి లేని వాకిలి మన గుర్తు అయింది. మిగిలిందే చరిత్ర అనుకోవడం మనకు అలవాటు. మంచనశర్మ చూసిన రంగుకు, విన్న పాటకు ఏ చిహ్నంలో చోటుంది?

రంగు పూర్తిగా పోలేదనే నా నమ్మకం. మొన్న మొన్నటి దాకా మా వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాషీలు పటాలు గీస్తారు. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఆరాక గీతలు గీసి, వెనక ఎర్రరంగు నింపుతారు. కూనపులి వాళ్లు ఆ పటం విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ. మాచల్దేవి చిత్రశాలకూ దీనికీ చుట్టరికం కలపబోను. బొమ్మ ముందు నిలబడి కథ నడిపించే తీరు మాత్రం ఈ నేలది, దాన్ని రాజధాని కన్నా పల్లెలే ఎక్కువ కాలం మోశాయి.

గజాల పొడవు పటం ఇప్పుడు అద్దాల చట్రంలో ఇమిడే ఒక్క బొమ్మయింది. కొనేవాళ్లు కథ అడగరు, గోడ రంగుకు నప్పుతుందా అని చూసుకుంటారు. తప్పు పట్టలేం, నకాషీల ఇల్లు గడిచేది ఆ కొనుగోళ్ల మీదే. కథ చెప్పేవాళ్లు కొత్త పటం రాయించుకోవడానికి వచ్చేది మాత్రం అరుదు.