నవ్వితే పాపమా?

భక్తిలో ఉన్నవాళ్ళు కామెడీ వీడియోలు చూడొచ్చా? ఈ ప్రశ్న నన్నూ చాలా రోజులు తొలిచేసింది.

అమెరికాలో శనివారం రాత్రి పొద్దుపోయాక వచ్చే 'సాటర్డే నైట్ లైవ్' షో ఉంది కదా. స్టేజీ మీద లైవ్‌గా చేసే స్కిట్ల మధ్యలో, ముందే షూట్ చేసిన చిన్న వీడియోలు కూడా వేస్తారు. 2005 డిసెంబర్ 17న అలా వచ్చిందే 'లేజీ సండే'. మూడు నిమిషాలు కూడా ఉండదు. అప్పుడప్పుడే మొదలైన యూట్యూబ్‌లో అది ఊరూరా తిరిగింది. అందులో ఆండీ శాంబర్గ్, క్రిస్ పార్నెల్ పెద్ద రౌడీల్లా ర్యాప్ పాడతారు. ఇంతకీ వాళ్ళు చేసే ఘనకార్యం ఏంటంటే, కప్‌కేకులు తిని 'నార్నియా' సినిమాకి వెళ్ళడం! మనం నవ్వేది వాళ్ళ ఉత్తుత్తి బడాయికి. ఆ బడాయి మనలోనూ ఉంది కాబట్టే అంత నవ్వొస్తుంది.

ఇప్పుడు నా సంగతి. పోయిన వినాయక చవితికి కథ చదువుతుంటే మా తాతయ్య కునికిపాట్లు పడ్డారు. నేను వీడియో తీసి, మ్యూజిక్ కలిపి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. అందరూ తెగ నవ్వారు. తాతయ్య కూడా నవ్వారు. కానీ ఆ తర్వాత పూజలో ఆయన ముందు వరసలో కూర్చోవడం మానేశారు.

తమాషా ఏంటంటే, ఆ రోజు మేం చదివింది చంద్రుడి కథే. బొజ్జ నిండిన గణపయ్య వంగి తల్లిదండ్రులకి దణ్ణం పెట్టలేక అవస్థ పడుతుంటే, తన అందం చూసుకుని మురిసే చంద్రుడు నవ్వాడు. నీలాపనిందలు రాకూడదని ఏటా అక్షింతలు నెత్తిన వేసుకుంటాం. ఆ చంద్రుడు మనమేనేమో అని మాత్రం ఎప్పుడూ అనుకోం.

నాకు అర్థమైంది ఇంతే: నవ్వు పాపం కాదు. మన అహంకారాన్ని కాస్త తగ్గించే నవ్వు మంచిదే, అది సాధనలో భాగమే. ఎదుటివాళ్ళ అశక్తత మీద నవ్వితే మాత్రం మన అహంకారమే పెరుగుతుంది. ఫార్వర్డ్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి చూసుకుందాం.

వీడియో డిలీట్ చేశాను. "తాతయ్యా, ముందుకొచ్చి కూర్చోండి" అన్నాను. "పర్లేదులేరా, ఇక్కడే బాగుంది" అన్నారు. ఇప్పుడు నేనే వెళ్ళి ఆయన పక్కన, వెనక వరసలో కూర్చుంటున్నాను.

శుభం భూయాత్.